ఇంటి గోడకు ఏటవాలు జెండా కర్ర: జాగా చూడడం నుంచి జెండా కట్టేదాకా

నల్లగొండ జిల్లాలో ఏ ఊరికి పోయినా నాలుగు బజార్ల కాడ ఒక జెండా గద్దె కనిపిస్తుంది. సిమెంటు దిమ్మె, దాని నడుమ నిలువుగా పాతిన ఇనుప పైపు, పైన గిలక, తాడు. ఇంటికి మాత్రం ఆ పద్ధతి కుదరదు. పట్టణంలో వాకిలి ముందు గద్దె కట్టేంత జాగా ఎవరికుంది? అందుకే 2022 ఆగస్టులో ‘హర్ ఘర్ తిరంగా’ పిలుపు వచ్చినప్పుడు చాలామంది జెండా కర్రను కిటికీ గ్రిల్‌కు బైండింగ్ వైరుతో కట్టేశారు, లేదంటే పిట్టగోడకు ఆనించి ఇటుక అడ్డం పెట్టారు. రెండు గాలులు వచ్చేసరికి కర్ర వాలింది, జెండా గోడకు రాసుకొని చిరిగింది.

ఇంటి గోడ నుంచి ముందుకూ పైకీ వాలి ఉండే కర్రతో ఈ ఇబ్బంది తీరుతుంది. ఒకసారి బ్రాకెట్ గట్టిగా బిగిస్తే ఆ తర్వాత పండుగ రోజు కర్ర తెచ్చి దూర్చడమే, సాయంత్రం తీసేయడమే. కర్ర, జెండా సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ పనిలో అసలు జాగ్రత్తంతా బ్రాకెట్ గోడను పట్టుకునే ఆ అరచేతి వెడల్పు జాగా మీద పెట్టాలి. ఎందుకో ముందు చూద్దాం, పనిలోకి తర్వాత దిగుదాం.

గోడ మీద పడే లాగుడు ఎంత

జెండా తేలికే కదా, రెండు స్క్రూలు చాలవా అని అడుగుతారు. బరువు సంగతి తర్వాత, కర్ర పొడవు చూడండి. కర్ర 150 సెంటీమీటర్లు ఉంది, రెడీమేడ్ బ్రాకెట్‌లో పై స్క్రూకూ కింది స్క్రూకూ మధ్య 7.5 సెంటీమీటర్లు ఉంది అనుకుందాం. కర్ర కొసను అడ్డంగా ఒక్క కిలో బలంతో లాగితే పై స్క్రూల మీద దాదాపు 20 కిలోల లాగుడు పడుతుంది. 150ని 7.5తో భాగిస్తే వచ్చేది అదే. రెండు కిలోలైతే 40. అదే ప్లేటు ఇంకొంచెం పొడుగ్గా చేయించి స్క్రూల మధ్య 12 సెంటీమీటర్లు ఉండేలా చూసుకుంటే ఆ 20 కాస్తా పన్నెండున్నరకు దిగుతుంది. అందుకే పొట్టి ప్లేటున్న బ్రాకెట్ ఎంత అందంగా ఉన్నా వద్దంటాను.

రెండో సంగతి గాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. మన ప్రాంతంలో ఎండాకాలం చివర, మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారాల దాకా, సాయంత్రం పూట ఉన్నట్టుండి గాలిదుమారం లేస్తుంది. జూన్ 2 రాష్ట్ర అవతరణ దినం సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. జనవరి 26న గాలి నెమ్మదిగానే ఉంటుంది, ఆగస్టు 15న వాన తడి ఉంటుంది. మూడింట్లో బ్రాకెట్‌కు నిజమైన పరీక్ష జూన్ 2నే. కట్టడాల డిజైన్‌కు వాడే ఐఎస్ 875 ప్రమాణం హైదరాబాదుకు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. అంత గాలికి ఇంటి జెండా కర్ర నిలబడాల్సిన పని లేదు. మబ్బు కమ్మగానే ఒక్క నిమిషంలో ఊడదీసి లోపల పెట్టుకోగలిగేలా బిగిస్తే చాలు.

జాగా చూసుకోవడం: ముందు కరెంటు తీగలు

గోడ చూడకముందు తల పైకెత్తి చూడండి. 2024 జనవరి 26న ములుగులో జెండా ఏర్పాట్లు చేస్తుంటే ఇనుప పైపు కరెంటు తీగకు తగిలి ఇద్దరు యువకులు చనిపోయారు. ఇలాంటివి ఒక్క ఊరికి పరిమితం కాదు. మన గల్లీల్లో కరెంటు స్తంభాలు ఇళ్లకు ఎంత దగ్గరగా ఉంటాయో అందరికీ తెలుసు. పై అంతస్తు బాల్కనీ నుంచి చెయ్యి చాపితే తీగ అందే ఇళ్లు దేవరకొండలో ఉన్నాయి, జడ్చర్లలో ఉన్నాయి.

11 కేవీ దాకా తీగలకూ కట్టడానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. జెండా కర్రకు అది చాలదు, ఎందుకంటే కర్ర గోడ దగ్గరే ఆగదు. ఇట్లా లెక్కవేసుకోండి: కర్ర ఒకటిన్నర మీటరు, జెండా గాలికి పూర్తిగా చాచుకుంటే ఇంకో 90 సెంటీమీటర్లు, దానిమీద 1.2 మీటర్ల ఎడం. మొత్తం 3.6. నేను 4 మీటర్లని చెబుతాను. బ్రాకెట్ బిగించే చోటి నుంచి ఏ దిక్కుకు చూసినా, పైకీ పక్కకూ, 4 మీటర్ల లోపల కరెంటు తీగ ఉండకూడదు. ఉంటే ఇంకో గోడ చూసుకోండి. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరుకు పైన తొడుగు ఉంటుంది కానీ ఏళ్ల తరబడి ఎండకు పగిలి ఉంటుంది; దాన్నీ తీగ కిందే లెక్కపెట్టండి. ఏ గోడకూ ఆ ఎడం దొరకకపోతే చిన్న జెండా, ఎండిన వెదురు కర్ర, ఇంటి లోపలి వైపు వరండా. ఇనుప పైపు మాట మరిచిపోవాలి.

తర్వాత ఎత్తు. కర్ర 45 డిగ్రీల వాలులో ఉంటే, 900 మి.మీ. పొడవు 600 మి.మీ. ఎత్తున్న జెండా గాలి లేనప్పుడు కిందికి వేలాడి, దాని కింది మూల బ్రాకెట్ కంటే సుమారు 25 సెంటీమీటర్లు దిగుతుంది. బ్రాకెట్ 8 అడుగుల ఎత్తులో ఉంటే జెండా అంచు ఏడడుగుల చిల్లరలో ఉంటుంది, కింద నడిచేవాళ్ల తలకు తగలదు. బ్రాకెట్ కింద కుడి ఎడమల బల్బు, సీసీ కెమెరా, కిటికీ రెక్క లేకుండా చూసుకోండి. కర్ర కొస బజారు మీదికి పోనివ్వొద్దు. గడ్డి ట్రాక్టరు, పత్తి బోరాల డీసీఎం వచ్చే బజారైతే ఎంత ఎత్తున పెట్టినా ఏదో ఒకరోజు తగులుతుంది.

నన్నడిగితే అన్నిటికన్నా మంచి జాగా మొదటి అంతస్తు బాల్కనీ పక్కనున్న పిల్లర్. బాల్కనీలో నిలబడి, నడుము ఎత్తులో, నిచ్చెన లేకుండా కర్ర దూర్చొచ్చు, దుమారం వస్తే తీసేయొచ్చు. ప్రతిసారీ నిచ్చెన ఎక్కాల్సిన చోట బిగించిన కర్రను అవసరమైన రోజు ఎవరూ దించరు.

మీ గోడ ఎలాంటిది

ఇక్కడ కొంచెం నిలబడదాం. బ్రాకెట్లు ఊడేది ఎక్కువగా గోడ రకం చూడకుండా బిగించడం వల్లే.

స్లాబు ఇల్లైతే పిల్లర్, బీము, లింటెల్ కాంక్రీటువి. యాంకర్ ఫాస్టనర్ బ్రహ్మాండంగా పట్టేది వీటికే. మూల పిల్లర్ అయితే అంచుకు మరీ దగ్గరగా బెజ్జం వేయొద్దు, కనీసం ఏడెనిమిది సెంటీమీటర్లు వదలండి. ఫాస్టనర్ లోపల విచ్చుకొని బిగుస్తుంది కాబట్టి అంచు దగ్గర కాంక్రీటు పెళ్లగా లేస్తుంది. డ్రిల్ చేస్తుంటే బిట్ ఉన్నట్టుండి ఆగిపోయి కణకణమంటే లోపల ఇనుప చువ్వ తగిలిందని అర్థం. బలవంతం చేసి కోయొద్దు, రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు జరగండి.

ఎర్ర ఇటుకల తొమ్మిదించుల గోడ కూడా మంచిదే, కానీ పైన ప్లాస్టరింగు ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి రెండు సెంటీమీటర్ల మందం ప్లాస్టరుకు ఏ బరువూ ఆగదు. స్క్రూ దాన్ని దాటి ఇటుకలో కనీసం ఐదారు సెంటీమీటర్లు దిగాలి. ఇటుక నడుమ దిగాలి, సందులో కాదు. ఇంటి మూలకు ఒక ఇటుక పొడవు లోపలికి జరిగి బిగించండి.

పిట్టగోడ ముచ్చట వేరు. చాలా ఇళ్లలో అది నాలుగించులదే. ఒంటి వరస ఇటుక, పైన కట్టు ఉండదు. దానికి ఫాస్టనర్ కొడితే ఇటుకే కదులుతుంది. తప్పదనుకుంటే గోడలోంచి ఆరపార బోల్టు వేసి వెనక కూడా అంతే సైజు ఇనుప ప్లేటు పెట్టి బిగించాలి. లోపల డొల్లగా ఉండే సిమెంటు ఇటుకలకూ ఇదే దారి.

పాలమూరు దిక్కు పాత మిద్దెలు, రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు ఉన్నాయి కదా, వాటికి డ్రిల్లింగ్ మిషన్ పెట్టొద్దు. రాయి గట్టిగానే ఉంటుంది, రాళ్ల నడుమ మట్టి మిషన్ అదురుకు రాలిపోతుంది. అలాంటి ఇంట్లో గోడను వదిలేసి వసారా గుంజకో దూలం కొసకో కట్టెకు వేసే పొడుగు స్క్రూలతో బిగించండి. పాత టేకు, మద్ది కట్టెలు ఇప్పటి ఇటుక గోడ కంటే గట్టిగా పట్టుకుంటాయి. ముందు సన్న బిట్‌తో దారి చేసుకోకపోతే ఎండిన కట్టె చీలుతుంది, అంతే. దర్వాజ చౌకట్ వాడితే తలుపు పైభాగం జెండాకు అడ్డం రాకుండా చూసుకోండి.

రేకుల ఇల్లైతే రేకు జోలికి పోవద్దు. కింద ఉండే ఇనుప పైపుకో యాంగిల్‌కో యూ క్లాంపులతో బిగించాలి.

రాతి మట్టి గోడకే బిగించాలంటే మేస్త్రీలకు తెలిసిన పాత పద్ధతి ఒకటి ఉంది. కిటికీలకు, గేట్లకు వేసే హోల్డ్‌ఫాస్ట్‌ల మాదిరిగా బ్రాకెట్ వెనక రెండు ఇనుప పట్టీలు వెల్డింగ్ చేయించి, కొసలు చీల్చి విడదీయించండి. గోడలో అరడుగు లోతు గాడి తీసి, దుమ్ము దులిపి, బాగా తడిపి, పట్టీలు లోపల పెట్టి సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, చిప్స్ నాలుగు పాళ్లు కలిపిన కాంక్రీటు కూరాలి. ఏడు రోజులు పూటపూటా తడపాలి. ఆ ఏడు రోజులు కర్ర దూర్చొద్దు. ఆగస్టు 14న మొదలుపెట్టే పని కాదిది. ఆగస్టు మొదటి వారానికే చేయించి పెట్టుకోండి.

బ్రాకెట్, కర్ర

రెడీమేడ్ బ్రాకెట్లు దొరుకుతాయి, కానీ మీ ఊరి వెల్డింగ్ షాపులో చేయించుకోవడమే నయం. ఏం చెప్పాలంటే: 5 మి.మీ. మందం ఇనుప ప్లేటు, 15 సెంటీమీటర్ల ఎత్తు, 10 వెడల్పు. నాలుగు మూలల బెజ్జాలు, పైవీ కిందవీ 12 సెంటీమీటర్ల ఎడంతో. ప్లేటుకు 45 డిగ్రీల వాలులో 15 నుంచి 20 సెంటీమీటర్ల పైపు ముక్క. దాని లోపలి వ్యాసం మీ కర్ర కంటే ఒకటి రెండు మి.మీ. ఎక్కువ ఉంటే చాలు. ఎక్కువ వదులుంటే కర్ర గాలికి లోపల టకటకా కొట్టుకుంటుంది, ఆ కొట్టుడే స్క్రూలను వదులు చేస్తుంది. పైపు కిందివైపు త్రికోణం పట్టీ ఒకటి వెల్డింగ్ చేయాలి. కర్ర లేచిపోకుండా, తిరగకుండా పక్కనుంచి ఒక బోల్టు, దానికి చేత్తో తిప్పే రెక్కల నట్టు.

ఇంకొకటి ఉంది, షాపాయన తనంతట తాను చేయడు, మీరే అడగాలి. పైపు ముక్క అడుగున, ప్లేటుకు ఆనే చోట, అన్నిటికన్నా కిందున్న పాయింటులో 6 మి.మీ. బెజ్జం. ఏటవాలు గొట్టంలో వాన నీళ్లు చేరి అడుగున నిలుస్తాయి. బెజ్జం లేకపోతే రెండు వానాకాలాలకు లోపలి నుంచి తుప్పు తింటుంది, బయటికి రంగు మెరుస్తూనే ఉంటుంది. వెల్డింగ్ అయ్యాక రెడ్ ఆక్సైడ్ ఒక పూత, ఆరాక ఎనామిల్ రెండు పూతలు. ప్లేటు వెనక వైపు కూడా వేయండి, గోడ తడి అక్కడే తగులుతుంది.

వాలు 45 డిగ్రీలు అన్నాను. కర్ర గోడకు ఇంకా దగ్గరగా నిటారుగా ఉంటే గోడ మీద లాగుడు తగ్గుతుంది, కానీ జెండా గోడకు రాసుకుంటుంది. కర్ర పడుకున్నట్టుంటే జెండా గోడకు దూరంగా విప్పుకుంటుంది, బరువు మాత్రం మొత్తం పై స్క్రూల మీదే పడుతుంది. 45 ఈ రెండింటి నడుమ పడుతుంది.

కర్రకు నేను 25 మి.మీ. అల్యూమినియం పైపు చెబుతాను. ఒకటిన్నర మి.మీ. మందం ఉన్నది మీటరుకు మూడు వందల గ్రాములే తూగుతుంది. ముప్పావు ఇంచు జీఐ పైపు మీటరుకు కిలోన్నర, అంటే ఐదింతలు. గట్టిదే, కానీ ఆ గట్టితనం కర్రకు అక్కర్లేదు, ఆ బరువు మోయాల్సింది గోడ. కర్టెన్లకు వేసే పలచటి పైపు వద్దు, వంగుతుంది. పీవీసీ పైపు కూడా వద్దు. మే నెల ఎండలో వాలుగా ఉంచితే దానంతట అదే వంగిపోతుంది. నిండుగా ఎండిన వెదురు మంచి కట్టె. అడుగు భాగం బ్రాకెట్‌లో సరిగ్గా పట్టేలా చెక్కించి, సంవత్సరానికోసారి అవిసె నూనె రాస్తే ఏళ్లు నిలుస్తుంది. ఏ పైపైనా కొసకు మూత పెట్టండి.

జెండా సైజు కర్రను బట్టి ఉండాలి. జెండా నియమావళిలో పొడవు ఎత్తుల నిష్పత్తి 3:2. అందులోని కొలతల్లో ఇంటి గోడకు సరిపోయేవి రెండే: 450×300 మి.మీ., 900×600 మి.మీ. మీటరు కర్రకు మొదటిది, ఒకటిన్నర మీటరు కర్రకు రెండోది. దానిపైది 1350×900. దాని వైశాల్యం రెట్టింపు దాటుతుంది, గాలి లాగుడూ అంతే పెరుగుతుంది. పెద్ద జెండా ఎగరేయాలని ఉంటే నిలువు కర్ర పాతించండి.

బెజ్జాలు వేయడం

ప్లేటును గోడకు ఆనించి, పక్క అంచుకు తూకం గుండు వేలాడదీసి నిలువు చూసుకోండి. పెన్సిల్‌తో నాలుగు బెజ్జాల గుర్తులు పెట్టండి. ఆ గోడకు లోపలి వైపు స్విచ్ బోర్డు ఉందా అని ఇంట్లోకి పోయి చూసి రండి. బోర్డు నుంచి వైర్ల పైపు నిటారుగా పైకి పోతుంది, ఆ గీతలో బెజ్జం వేయొద్దు. స్నానాలగది గోడైతే నీళ్ల పైపు ఎటు పోతుందో కనుక్కోండి. అనుమానం ఉంటే ఆ గోడకు వచ్చే కరెంటు బంద్ చేసి, మిషన్‌కు వేరే గది నుంచి వైరు లాక్కోండి.

ఎంత లోతు పోవాలో బిట్ మీద ఇన్సులేషన్ టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. బిట్ సైజు ఊహించి వాడొద్దు, ఫాస్టనర్ ప్యాకెట్ మీద రాసిన సైజే వాడాలి. మొదటి రెండు సెంటీమీటర్లు మిషన్‌లో హ్యామర్ (దెబ్బ కొట్టే) మోడ్ ఆపి తిప్పండి, ప్లాస్టరు పగలదు. ఆ తర్వాత హ్యామర్ వేయండి.

ఇప్పుడు రాలే పొడిని చూడండి. మొదట తెల్లగా, బూడిదరంగులో సన్నటి పొడి వస్తుంది, అది రంగూ ప్లాస్టరూ. తర్వాత ఎర్రగా మారుతుంది, ఇటుకలోకి దిగారు. టేపు గుర్తు దాకా ఎర్రపొడే వస్తే బెజ్జం మంచి చోట పడింది. నడుమలో మళ్లీ బూడిదరంగు వచ్చి, బిట్ చేతికి బరువు తెలియకుండా సర్రున జారితే ఇటుకల సందులో పడ్డారు. ఆ బెజ్జాన్ని సిమెంటుతో మూసి, ప్లేటును మూడు నాలుగు సెంటీమీటర్లు పైకో కిందికో జరిపి మళ్లీ గుర్తులు పెట్టుకోండి. నాలుగింట్లో ఒక్కటే కదా అని వదిలేయొద్దు. అది పై రెండింట్లో ఒకటైతే బ్రాకెట్ బలం సగానికి పడిపోయినట్టే. కాంక్రీటులో మొదటి నుంచి చివరిదాకా బూడిదరంగే వస్తుంది, కానీ బిట్ నిదానంగా, ఒకే వేగంతో దిగుతుంది.

బెజ్జంలో పొడి ఉండిపోతే ఫాస్టనర్ పొడిని పట్టుకుంటుంది, గోడను కాదు. సైకిల్ పంపుతో రెండు మూడుసార్లు గాలి కొట్టండి, కళ్లకు అద్దాలు పెట్టుకొని. కాంక్రీటుకైతే 8 మి.మీ. లేదా 10 మి.మీ. యాంకర్ ఫాస్టనర్లు. ఇటుకకైతే పొడుగు నైలాన్ గిట్టీలు (స్క్రూ పట్టడానికి బెజ్జంలో దిగగొట్టే గొట్టాలు), వాటికి సరిపడే స్క్రూలు. గిట్టీ సుత్తితో రెండు దెబ్బలకు దిగాలి. వేలితో తోస్తేనే పోయిందంటే బెజ్జం పెద్దదైంది, అగ్గిపుల్లలు కూరి సర్దుకోవద్దు, ఒక సైజు పెద్ద గిట్టీ వేయండి.

నాలుగింటినీ ముందు వదులుగా ఎక్కించి, తర్వాత ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించండి. ఒకదాన్నే చివరిదాకా బిగిస్తే ప్లేటు ఒకపక్క లేస్తుంది. ప్రతి బోల్టుకూ వాషర్ ఉండాలి. ఇటుక గోడలో పానాకు వేలాడి బిగించొద్దు, లోపల గిట్టీ తిరిగిపోతుంది. చివరికి ప్లేటు పై అంచుకూ రెండు పక్కలకూ సిలికాన్ పూయండి, కింది అంచు మాత్రం వదిలేయండి. లోపలికి పోయిన నీరు బయటికి రావాలి కదా.

బరువు పెట్టి చూడడం

జెండా కట్టకముందే ఈ పని చేయాలి. కర్ర దూర్చి, బోల్టు బిగించి, కొసకు ఐదు లీటర్ల నూనె క్యాను నిండా నీళ్లు నింపి తాడుతో వేలాడదీయండి. కింద ఎవరినీ నిలబడనివ్వొద్దు. పది నిమిషాలు ఉంచండి. తర్వాత ప్లేటు పై అంచు దగ్గర గోడను దగ్గరగా చూడండి. వెంట్రుకవాసి పగులు కనిపించినా, తెల్లపొడి రాలినా, ప్లేటుకూ గోడకూ మధ్య కాగితం దూరేంత సందు పడినా అది ఆగదు. విప్పి ఇంకో చోట బిగించండి, అదే బెజ్జంలో పెద్ద స్క్రూ వేసి సరిపెట్టొద్దు. ఏమీ కదలకపోతే క్యాను తీసేసి, కర్ర కొస పట్టుకొని కుడికీ ఎడమకూ నెమ్మదిగా ఊపి చూడండి. గాలి లాగేది కిందికి కాదు, పక్కలకు.

జెండా కట్టడం

గోడ నుంచి వాలుగా వచ్చే కర్రకు జెండా నియమావళి స్పష్టంగా చెప్పిన మాట ఒకటుంది: కాషాయం కర్ర కొస వైపు ఉండాలి. అంటే గోడకు దూరంగా కాషాయం, గోడ వైపు ఆకుపచ్చ. కర్ర చేతిలో పడుకోబెట్టి కట్టేటప్పుడు ఇది తారుమారయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి కట్టిన తర్వాత కర్రను ఒకసారి నిలబెట్టి చూసుకొని అప్పుడు గోడ దగ్గరికి తీసుకుపోండి.

ఏటవాలు కర్రకు గిలక, తాడు ఉండవు. జెండాను ఇంట్లోనే కర్రకు కట్టి, కర్రతో సహా తెచ్చి బ్రాకెట్‌లో దూర్చాలి. పై మూల తాడును కర్ర కొసనున్న కొక్కేనికి తగిలించండి. కింది మూల తాడును బిగుతుగా లాగి కర్రకు రెండు చుట్లు చుట్టి కట్టండి. వాలు మీద ఆ ముడి మెల్లగా కిందికి జారుతుంది, జెండా ముడుచుకుపోతుంది. జారకుండా ముడి కింద ఒక హోస్ క్లిప్ (నీళ్ల పైపుల చుట్టూ బిగించే ఇనుప పట్టీ) బిగించండి. గాలికి జెండా కర్ర చుట్టూ చుట్టుకుపోవడం ఈ కర్రల్లో ఉన్న పెద్ద చికాకు. రెండు మూలలనూ కర్రకు నేరుగా కట్టకుండా, కర్ర మీద సులువుగా తిరిగే రెండు ప్లాస్టిక్ రింగులకు కడితే జెండా గాలితోపాటు తిరుగుతుంది. ఒక్కో రింగుకు కిందా పైనా చిన్న క్లిప్ ఆపుగా పెడితే చాలు.

ఇంటి మీద జాతీయ జెండా ఎగరేయడం పౌరుడి హక్కని సుప్రీంకోర్టు 2004 జనవరి 23న తీర్పు చెప్పింది. 2021 డిసెంబరులో పాలిస్టరు, మిషన్ జెండాలకు అనుమతి వచ్చింది. 2022 జూలై సవరణతో ఇంటి మీద పగలూ రాత్రీ ఉంచొచ్చు. ఒకే కర్రకు ఇంకో జెండా కట్టకూడదు. జాతీయ జెండా కంటే ఎత్తులో గానీ సమానంగా పక్కన గానీ వేరే జెండా ఉండకూడదు. కర్ర కొస మీద పూలు, దండలు, గుర్తులు పెట్టకూడదు. మన ఇళ్ల మీద హనుమాన్ జెండా, దర్గా ఉర్సు జెండా, పార్టీ జెండా కూడా ఉంటాయి కాబట్టి ఇది గుర్తుంచుకోండి. వాటికి వేరే బ్రాకెట్, జాతీయ జెండా కంటే తక్కువ ఎత్తులో, దూరంగా.

వీధి స్తంభం సంగతి

కాలనీ యువకులు స్తంభాలకు వరసగా జెండాలు పెట్టాలనుకుంటారు. ఆ ఉత్సాహం మంచిదే, కానీ కరెంటు తీగలు మోసే స్తంభం, సిమెంటుదైనా ఇనుముదైనా, ముట్టుకోవద్దు. అది విద్యుత్ పంపిణీ సంస్థ ఆస్తి అన్నది ఒక కారణం, వాన తడిలో ఆ స్తంభానికే కరెంటు రావొచ్చన్నది అంతకంటే పెద్ద కారణం. సిమెంటు స్తంభంలో లాగి బిగించిన తీగలుంటాయి, వాటికి బెజ్జం వేస్తే స్తంభమే బలహీనపడుతుంది. ఏ స్తంభానికైనా కరెంటు కొడుతున్నట్టు అనిపిస్తే 1912కు ఫోన్ చేయండి.

రోడ్డు నడుమ డివైడర్ లైట్ల స్తంభాలు మున్సిపాలిటీవి. నల్లగొండలో 2021 జనవరి నుంచి రోజూ పొద్దున 8:30కి కూడళ్లలో మైకుల్లో జనగణమన వినిపిస్తుంది, జనం ఎక్కడివాళ్లక్కడ నిలబడతారు. అలాంటి కూడలిలో జెండాలు పెట్టాలనిపించడం సహజం. కమిషనర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, బిగించే పని వాళ్ల ఎలక్ట్రికల్ సిబ్బందితోనే చేయించండి. ఊళ్లలోనైతే పంచాయతీ కార్యదర్శిని అడగాలి.

మీ సొంతమైనవి మిగులుతాయి: గేటు ఇనుప స్తంభం, తీగలు లేని పైపు, రాతి కడీ. ఇనుప పైపుకు బెజ్జం వేయకుండా రెండు యూ క్లాంపులతో, వాటి మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడంతో బిగించండి. ఒక్క క్లాంపుతో ఎంత బిగించినా కర్ర గాలికి పక్కకు తిరుగుతుంది. క్లాంపుకూ పైపుకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి, జారదు, రంగు లేవదు. నట్లు లోపల నైలాన్ ఉన్నవి తీసుకోండి, అదురుకు వదులు కావు. మన చేన్ల గట్ల మీద, పాత ఇళ్ల ముందు ఉండే రాతి కడీ పలకలుగా ఉంటుంది కాబట్టి యూ క్లాంపు పట్టదు. ముందొక ఇనుప పట్టీ, వెనకొక పట్టీ పెట్టి, రెండు పక్కలా పొడుగు బోల్టులతో కలిపి బిగించాలి. ఇట్లా రెండు జతలు. రాయికి బెజ్జం వేయొద్దు, పొర వెంట చీలుతుంది.

నిచ్చెన వాడితే పైకొసను కట్టేసి, కింద ఒక మనిషి పట్టుకోవాలి. చుట్టుపక్కల ఎక్కడ తీగలున్నా అల్యూమినియం నిచ్చెన తేవొద్దు.

తర్వాత

కర్రను ఏడాదంతా బ్రాకెట్‌లో ఉంచాల్సిన పని లేదు. తీసినప్పుడు గొట్టానికి ప్లాస్టిక్ మూత పెట్టండి, లేకపోతే కందిరీగలు గూడు పెడతాయి. ప్రతి జెండా పండుగకు ముందు నాలుగు బోల్టులు పానాతో తాకి చూడండి, అడుగు బెజ్జంలో సన్న తీగ దూర్చి దుమ్ము తీయండి. రోజూ జెండా ఉంచేవాళ్లు బయటి అంచు కుట్టు వారానికోసారి చూడాలి, చిరుగు అక్కడే మొదలవుతుంది. దారం లేచినప్పుడే దించి కుట్టించొచ్చు. చిరిగిన, వెలిసిన జెండాను ఎగరేయకూడదు. పాత గుడ్డల్లో వేయకుండా, ముక్కలు చేయకుండా, నలుగురి కళ్ల ముందు కాకుండా మర్యాదగా పూర్తిగా కాల్చేయమని నియమావళి చెబుతుంది. మంచి జెండానైతే పూర్తిగా ఆరాకే మడవండి. తడిమీద మడిచిన ఖాదీకి వారంలోపే నల్లమచ్చలు పడతాయి, ఎంత ఉతికినా పోవు.